పాట కింద ఎవరి పేరు?

నేను పాటల మీద బతుకుతున్న. పాడి కాదు, రాసి కాదు. పాటలకు పేర్లు అతికించి.

మాదాపూర్‌ల ఒక అద్దాల మేడ, నాలుగో అంతస్తు. చెవులకు హెడ్‌ఫోన్, కండ్ల ముందు రెండు తెరలు. ఫోన్లల్ల పాటలు వినిపించే యాప్‌ల కోసం మా కంపెనీ పని చేస్తది. ఒక తెర మీద పాట వస్తది. రెండో తెర మీద గడులుంటయి. భాష, సినిమా, గాయకులు, సంగీతం, రచయిత. పాట విని, మాటలు సరిచూసి, గడులు నింపాలె. రోజుకు ఇన్ని అని లెక్క. తప్పు పోతే మార్కులు కోత.

రచయిత గడి దగ్గర ఒక రూలుంది. పేరు తెలిస్తే పేరు. తెలియకపోతే కిందికి జారే జాబితాల ఒక్కటే మాట: 'ట్రెడిషనల్'. మా తెలుగు జట్టు దాన్ని 'జానపదం' అని చదువుకుంటది. నాలుగేండ్లల్ల ఆ మాట మీద నేనెన్ని వేలసార్లు నొక్కిననో లెక్కలేదు. నొక్కిన ప్రతిసారీ ఒక మనిషి పేరు మీద మన్ను పోసిన. ఇది ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్న. ఒప్పుకొని ఊకుండడానికి కాదు, కొట్లాడడానికి.

మా అమ్మ ఈ మాదాపూర్‌కు మెడల ఐడీ కార్డుతోటి రాలేదు. తల మీద చుట్టబట్టతోటి వచ్చింది. 1997 ఎండకాలం. పాలమూరు జిల్లాల మా మాదిగవాడ నుంచి ముప్పై మంది లారీ ఎక్కిన్రు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే కరువు తిన్నది. అప్పుడిక్కడ మెట్రో లేదు, దుర్గం చెరువు మీద తీగల వంతెన లేదు. బండలు, గుట్టలు, సీతాఫలం చెట్లు. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిండు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు. పేపర్లన్నీ హైటెక్ సిటీ, హైటెక్ సిటీ అని మోగినయి. నేనప్పుడు ఆరేండ్ల పిల్లను. రేకుల షెడ్డు ముందట ఇసుక కుప్ప మీద ఆడుకుంటున్న. ఆ చుట్టుపక్కల ఏ మేడకు మా అమ్మ ఎన్ని తట్టలు మోసిందో ఏ శిలాఫలకం మీదా లేదు. సరే, శిలాఫలకం సంగతి తర్వాత. ముందు పాట సంగతి మాట్లాడుకుందాం.

స్లాబు పోసే రోజు చూసినోళ్ళకు తెలుస్తది. పొద్దుగాల మిల్లర్ తిరగడం మొదలైతే స్లాబు నిండేదాక ఆగొద్దు. నడుమ ఆగితే సిమెంటు గట్టిపడ్తది, అతుకు పడ్తది, రేపు అక్కడి నుంచే నీళ్ళు కారుతయి. అందుకని ఆడోళ్ళు వరుసగా నిలబడి తట్ట చేతి నుంచి చేతికి అందించాలె. ఒకామె లయ తప్పితే తట్ట కాలి మీద పడ్తది. అక్కడ పాట కాలక్షేపం కాదు. అక్కడ పాట పనిముట్టు. తాపీ ఎట్లనో పాట అట్ల.

మా అమ్మ పాట ఎత్తుకునేది. తట్ట లేచేటప్పుడు ఆమె మాట. తట్ట చేయి మారేటప్పుడు మిగతా ఆడోళ్ళ వంత. ఆ వంత దగ్గర అర్థమున్న మాట ఉండదు, ఊపిరి ఉంటది. నేను ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు పాఠం చెప్పినాయన 'ఉయ్యాలో', 'వలలో' లాంటివన్నీ పాదపూరణాలన్నడు. అంటే చరణం నింపడానికి వేసిన గడ్డి అన్నట్టు. ఆయన ఎన్నడూ తట్ట అందుకోలేదు. అందుకున్నోళ్ళకు తెలుసు, ఆ మాట దగ్గరనే బరువు చేతులు మారతది. ఆ మాట తీసేస్తే పాట కాదు, మనిషే కూలుతది. ఇది ఛందస్సు కాదా? గణాలు లెక్కపెట్టడం వచ్చినోళ్ళకు ఈ గణం ఎందుకు కనబడలే?

ఆమె పాటల గుట్ట అక్క. 'అక్కా, నిన్ను నా చేతులతోనే పగలగొడ్తి, ఇప్పుడు ఎటుపోయినవే' అని అడుగుతది. నువ్వు గోడల కలిసి నీడపట్టున ఉంటివి, నేను ఇంకా ఎండల్నే ఉంటినని దెప్పుతది. మూడో చరణంల మేస్త్రీ వస్తడు. పొద్దుందాక పని చేయించుకొని ఒక్కపూట అని రాసుకునేటోడు. నీ చేతి గడియారానికి సాయంత్రమే లేదారా అని అడుగుతది. మేస్త్రీ పక్కనే నిలబడి ఉంటడు. వాని పేరు ఉండదు, కాని అందరికీ తెలుసు. ఎదురుగా నిలబడి తిడితే కూలి పోతది. పాటల తిడితే పని సాగుతది, మాటా దిగుతది. వ్యంగ్యం, ధ్వని అని మాకు పుస్తకాలల్ల నేర్పిన్రే, అది ఇది కాదా? చదువురాని మా అమ్మకు ఆనందవర్ధనుడు తెలియదు. ఆనందవర్ధనునికి మా అమ్మ తెలియదు. నష్టం ఇద్దరికీ సమానంగ రాలేదు.

ఇక అద్దాల మేడలకు వద్దాం.

మా ఆఫీసుల సాహిత్యం ఇష్టపడే ఒక గుంపుంది. నెలకొక శనివారం గచ్చిబౌలి దాటినంక ఒక అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసుల కూడుకుంటరు. సినిమా పాట ఒకటి తీసుకొని మాట మాట విడదీసి ఆనందిస్తరు. ఎం.ఏ. తెలుగని నన్నూ పిలిచిన్రు. సంబురంగ పోయిన. ఒక సంస్కృత సమాసం మీద నలభై నిమిషాలు మాట్లాడిన్రు. నిజం చెప్పాలె, బాగున్నది. వేటూరి, సిరివెన్నెల గొప్పోళ్ళు కారని నేననను. 'మాతృదేవోభవ' పాటకు వేటూరికి జాతీయ అవార్డొచ్చింది, 2019లో సిరివెన్నెలకు పద్మశ్రీ వచ్చింది. రావలసినోళ్ళకే వచ్చినయి. ఒక పాట ముందట అంతసేపు కూసోవడం మంచి అలవాటు. నా పేచీ ఆ అలవాటు మీద కాదు. అది ఎవరి పాట ముందట కూసుంటది, ఎవరి పాట ముందట లేచి ఎగురుతది అన్న దాని మీద.

మరుసటి నెల నేను గోరటి వెంకన్న పాట పెట్టుకుందామన్న. 2002లో 'కుబుసం' సినిమాల వచ్చిన పల్లె పాట. ఒక్కొక్క చేతివృత్తి ఎట్ల కూలిపోతున్నదో, ఊరు ఎట్ల ఎండిపోతున్నదో, దాని వెనుక కంటికి కనబడని చెయ్యి ఎవరిదో ఆ పాట వరుసపెట్టి చెప్తది. ప్రపంచీకరణ మీద లావు లావు పుస్తకాలు చెప్పేది, బడికి పోని ముసలామెకు సుత అర్థమయ్యేటట్టు చెప్తది. అది జనంల తిరిగిన కాలమూ, ఈ మేడలు లేచిన కాలమూ ఒక్కటే. మనం కూసున్న కుర్చీ గురించే ఆ పాట. దాని గురించి మాట్లాడుకుందామన్న.

'అది ఫోక్ కదా, మంచి ఎనర్జీ ఉంటుంది, చివర్లో డ్యాన్సుకు పెట్టుకుందాం' అన్నరు.

అంతే. అర్థం వాళ్ళ పాటకు, అడుగులు మా పాటకు. 2021కి వెంకన్నకు 'వల్లంకి తాళం' కవితలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. అకాడమీ గుర్తుపట్టినా క్లబ్‌హౌసు గుర్తుపట్టలే. మెట్లు దిగుతుంటే ఒకాయన, మంచి మనిషే, మెల్లగ అడిగిండు: 'మీవాళ్ళల్లో డప్పు కొట్టేవాళ్ళు ఉంటారు కదండీ, యాన్యువల్ డేకి పిలిపిస్తారా?' నేను నా కులం చెప్పలే. నేను చెప్పిన పాటను బట్టి ఆయన లెక్క కట్టుకున్నడు. పాట మీద అభిప్రాయం అడగని మనిషి డప్పు మాత్రం అడిగిండు.

మా నాయిన డప్పు కొట్టేటోడు. చిర్ర, సిటికెన పుల్ల పట్టుకుంటే వాడంత లేచేది. నిప్పుల సెగ మీద డప్పు కాపుకునేటప్పుడు దగ్గరికి పోతే తిట్టేటోడు. చావుకు ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చాటింపుకు ఒక దెబ్బ. దెబ్బ వింటే చాలు, ఏ ఇంట్ల ఏం జరిగిందో ఊరికి తెలిసేది. అది భాష. దాన్ని మీరు బీటు అన్నరు. మాట్లాడుతున్న మనిషి నోట్లె నుంచి మాట తీసేసి చప్పుడు మాత్రం ఉంచుకున్నరు.

ఇప్పుడు ఇంకొకటి చూడండి. మా పక్క సీటు పిల్లగాడు అమెరికా ర్యాప్ వింటడు. కెండ్రిక్ లామర్ ప్రాణం. ఒక్కొక్క లైనుకు ఏ వీధి పేరుంది, ఏ కాల్పుల సంగతుంది అని ఇంటర్నెట్‌ల వెతికి చదువుతడు. కాంప్టన్‌ల ఏ మూల ఏమున్నదో వానికి తెలుసు. 2016లో బాబ్ డిలన్‌కు నోబెల్, 2018లో లామర్‌కు పులిట్జర్ వస్తే పార్టీ ఇచ్చిండు. నేను సంతోషపడ్డ. నల్లోళ్ళ బాధను మాట మాట అర్థం చేసుకునే మనసు ఉన్నోడు మంచోడే గదా. కాని తమ్మీ, కారంచేడు ఏ జిల్లాల ఉన్నదో నీకు తెలుసా? గూడ అంజయ్య ఎవరో తెలుసా? ఊరు మనదని, వాడ మనదని జనానికి చెప్పిన పాట కట్టిన మనిషి, 2016 జూన్‌ల పోయిండు. మన ఫ్లోరుల ఎవరి ఫోన్ల ఆ పాట మోగలే. సముద్రం అవతలి వెలివాడ నీకు కవిత్వం. ఇక్కడి వెలివాడ నీకు డీజే.

వెలివాడ అంటే యాదికొచ్చింది. ఈ కారిడార్‌లనే, గచ్చిబౌలిల, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. క్యాంపస్‌ల పిల్లలు వెలివాడ కట్టుకున్నరు. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నంక అక్కడ రాత్రింబగళ్ళు పాటలు పుట్టినయి. కిలోమీటర్ల లెక్కల అది మాకు పక్కనే. ఆ పాటలల్ల ఒక్కటి సుత ఇన్నేండ్లల్ల నా తెర మీదికి రాలేదు.

పేరు పోవడం ఒక్క మా దగ్గర్నే కాదు. 2021లో తమిళంల 'ఎంజాయ్ ఎంజామి' దేశమంత మోగింది. రాసి పాడినోడు అరివు, దళితుడు. శ్రీలంక టీ తోటలల్ల చాకిరి చేసి భూమి లేకుండ తిరిగొచ్చిన తన నాయనమ్మల తరం కథ అది. ఆ ఏడాది ఆగస్టుల 'రోలింగ్ స్టోన్ ఇండియా' పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉన్నది, అరివు లేడు. జనం అడిగినంక, పా. రంజిత్ లాంటోళ్ళు అడిగినంక, అరివుతోటి వేరే ముఖచిత్రం వేసిన్రు. అడిగితేనే వేసిన్రు. ఇది గుర్తుపెట్టుకోండి.

అదే 2021ల మన దగ్గర 'లవ్ స్టోరీ' సినిమాకు 'సారంగ దరియా' వచ్చింది. సుద్దాల అశోక్ తేజ పేరుతోటి వచ్చింది, మంగ్లీ పాడింది. ఆ జానపదం తాను సేకరించి అంతకుముందే టీవీ వేదిక మీద పాడిన్నని కోమలి అనే గాయని ముందుకొచ్చింది. పల్లవి జనానిది, చరణాలు నేను రాసిన్నని అశోక్ తేజ అన్నడు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తమని చెప్పవలసి వచ్చింది. ఎవరిది ఎంత న్యాయమో తూచడానికి నేను ఈడ కూసోలే. అశోక్ తేజ ఉద్యమ పాట ఇంటినుంచి వచ్చినోడే. నేనడిగేది వేరే. కోమలికి ముందు ఆ పాట పాడిన ముసలామె ఎవరు? ఆమెకు ముందు ఎవరు? టీవీల చర్చ నడిచిన అన్ని రోజులల్ల ఆ ప్రశ్న ఎవరి నోట్లెకు రాలేదు. 'జనానిది' అన్నంక ఇగ అడిగేదేముంది? జనం అంటే కులం లేనోళ్ళు, ఊరు లేనోళ్ళు, ఆడ మగ లేనోళ్ళు, పొట్ట లేనోళ్ళు గదా!

పొట్ట మాట ఎందుకంటున్ననంటే, 2012ల కాపీరైటు చట్టాన్ని సవరించిన్రు. సినిమాకు పాట రాసినోళ్ళకు, బాణీ కట్టినోళ్ళకు, ఆ పాట బయట మోగినప్పుడు వచ్చే రాయల్టీల వాటా ఉండాలని, దాన్ని ఎవరూ గుంజుకోవద్దని చట్టం చేసిన్రు. మంచి చట్టం. కాని వాటా పేరు వెంట పోతది. 'ట్రెడిషనల్' అన్న గడికి చెక్కు రాదు. భూమికి పట్టా ఎట్లనో పాటకు పేరు అట్ల. దున్నినోని పేరు పట్టాల లేకుండ చేసినోళ్ళే, కట్టినామె పేరు పాట కింద లేకుండ చేసిన్రు. రెండూ ఒక్క చేతి రాతే.

2023 మార్చిల 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. మా ఆఫీసు కింద హాలుల అందరూ ఎగిరిన్రు. నేనూ ఎగిరిన. కాని ఆ 'నాటు' అన్న మాటను నేను అంతకుముందు ఎక్కడ విన్న? ఇదే మేడల, నా గురించే విన్న. 'మీ తెలుగు కొంచెం నాటుగా ఉంటుంది, క్లయింట్ కాల్‌లో మాట్లాడొద్దు' అని చెప్పిన్రు. మా నోట్లె ఉంటే మోటు, తెర మీద ఉంటే బంగారు బొమ్మ. చంద్రబోస్ మీద నాకు ఏ పేచీ లేదు. వరంగల్ పల్లె నుంచి పోయినోడు. రాసినోని పేరు ప్రపంచం ముందట చదివిన్రు. పాట రాసిన మనిషి పేరు చదవడమంటే అట్ల ఉంటది. అదే నేను అడిగేది. ఎక్కువేం కాదు.

ఇగ గద్దర్. తూప్రాన్ దళితవాడ బిడ్డ. 1995ల 'ఒరేయ్ రిక్షా' సినిమాకు రాసిన పాటకు నంది అవార్డిస్తమంటే వద్దన్నడు. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిపితే ఒక తూటాను ఒంట్ల పెట్టుకొని ఇరవై ఆరేండ్లు పాడిండు. 2023 ఆగస్టు 6న పోయిండు. ఆగస్టు 6 అంటే చుండూరు. 1991ల అదే తారీకున మావోళ్ళను నరికి గోనెసంచులల్ల కుక్కిన్రు. 2024ల ప్రభుత్వం నంది పేరు తీసి గద్దర్ అవార్డులన్నది. 2025 జూన్ 14న మాదాపూర్ హైటెక్స్‌ల పండుగ చేసి అవార్డులు పంచిన్రు. మా అమ్మ తట్ట మోసిన జాగకు దగ్గర్నే. అవార్డు వద్దన్నోని పేరే అవార్డుకు పెట్టిన్రు. పెట్టనీయి, మంచిదే. ఒక దళితుని పేరు ఎర్ర తివాచీ మీద నడిచింది. కాని పేరు పెట్టినంత తేలికగ పాట ముందట కూసుంటరా? గద్దర్ పాట నడుమ ఎందుకు ఆపి మాట్లాడుతడు? ఆ మాట పాటల ఎట్ల కలుస్తది? అమ్మలక్కల బాణీని తీసుకొని కారంచేడు మీద పాట కడితే ఆ బాణీల ఏం మారింది? ఒక్క శనివారం ఎవరన్న ఒక్క గంట ఇచ్చిన్రా? బొమ్మకు దండేసి గొంతును గోడకు తగిలించడం మనకు కొత్తగాదు. అంబేద్కర్‌కు అదే చేసిన్రు.

మనోళ్ళను సుత వదలను. ఏప్రిల్ 14న డీజే బండ్ల మీద మోగే పాటలు విన్న. చానా వాటిల బాబాసాహెబ్ పేరు తప్ప బాబాసాహెబ్ లేడు. సినిమా బాణీ తీసుకొని నాలుగు జైకొట్టుడు మాటలు అతికిస్తరు. ఆడపిల్లను సరుకు చేసే పాట మనోడు రాసినా సరుకే. మనది కాబట్టి గొప్పది అనడం విమర్శ కాదు, అది వాళ్ళ రోగమే మనకు అంటుకున్నట్టు. మన పాటను గట్టిగ మెచ్చుకోవాలంటే గట్టిగ తిట్టే హక్కు సుత మనకు ఉండాలె. ఇంకొకటి. మన సభలల్ల సుత పాడినామె పేరు చెప్పి, కట్టినామె పేరు మింగుతున్నం. చిందోళ్ళు, డక్కలోళ్ళు, బైండ్లోళ్ళు మనల్ని అడుక్కొని మన పురాణం మనకే పాడిన్రు. వాళ్ళ పేర్లు మనమెన్ని రాసుకున్నం?

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన ఎండకాలం నా తెర మీదికి ఒక ప్రైవేటు ఆల్బం పాట వచ్చింది. కీబోర్డు, ప్యాడ్లు, పచ్చని పొలంల అమ్మాయి డ్యాన్సు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న. రెండో చరణంల గుట్టను 'అక్కా' అని పిలిచింది. నా చేతులు ఆగినయి. మేస్త్రీ పోయి బావ వచ్చిండు. సాయంత్రం లేని గడియారం మాత్రం అట్లనే ఉంది. కూలి ఎగ్గొట్టినోని గడియారం, ఇప్పుడు రాత్రికి ఇంటికి రాని బావ గడియారం అయింది. రచయిత గడి ఖాళీగ ఉంది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ల వినిపించిన. ఆమె నవ్వింది. 'మా పాటనే. చెడగొట్టిన్రు' అన్నది. నీ పేరు రాస్తనే అమ్మా అన్న. 'నా ఒక్కదాని పేరెందుకు? గుట్టను అక్క అన్నది నేను. గడియారం మాట మన పక్క షెడ్డు లంబాడోళ్ళ పిల్లది. వంత మార్చింది గొల్లోళ్ళ ముసల్ది. రాస్తే అందరివీ రాయి' అన్నది.

నాలుగేండ్ల నా ఉద్యోగం, రెండేండ్ల నా ఎం.ఏ. ఆ ఒక్క మాట ముందట నిలబడలే. ఎవరూ కట్టని పాట లేదు. అందరూ కలిసి కట్టిన పాట ఉంది. 'జానపదం' అన్న గడి ఈ రెంటినీ ఒక్కటి చేసి రెండో దాన్ని మాయం చేసింది.

తెల్లారి పోయి రచయిత గడిల రాసిన: 'స్లాబు కూలి ఆడోళ్ళు, మాదాపూర్, 1998'. మధ్యాహ్నానికి వాపసొచ్చింది. ఎర్ర అక్షరాలల్ల 'తప్పు' అని. ఆధారం ఏందని అడిగిన్రు. మా అమ్మ అన్న. అది చెల్లదన్నరు. మళ్ళీ అదే రాసిన. మళ్ళీ వాపసు. మూడోసారి నా మార్కులు కోసి, పాటను వేరే సీటుకు పంపిన్రు. ఆ సీటు ఏం నొక్కిందో నేను చెప్పాల్సిన పని లేదు.

చదువుకుంటున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ చేతుల ఫోన్లున్నయి. మీ ఇంట్ల మీ నాయనమ్మ ఉన్నది. పాట రికార్డు చేయండి, కాని పాటొక్కటే చేయకండి. ఎవరు కట్టిన్రు, ఏ వాడ, ఏ పని చేస్తూ, ఎవరి మీద కోపంతోటి, ఏ ఏడు అని అడగండి. ఒక్కరు కాకపోతే అందరి పేర్లు రాయండి. పరిశోధన చేసేటోళ్ళు 'అజ్ఞాత' అని రాసే ముందర ఆ వాడకు ఒక్కసారి పోయి రండి. ఆ మనిషి అజ్ఞాత కాదు, మీరు పోలేదు. సంఘాలోళ్ళు పాటను సభ మొదలయ్యేదాక జనాన్ని కూసోబెట్టే పనికి వాడుడు బందు చేయండి. ఒక్క పాట ముందట ఒక్క పూట కూసోండి.

ఇగ అద్దాల మేడల మిత్రులారా, మీకు డప్పు కావాలంటే పంపిస్త. మా నాయిన లేడు గని కొట్టేటోళ్ళున్నరు. కాని ముందు ఆ డప్పు ఏమంటున్నదో అడగండి. అడగడం రాకపోతే మా అమ్మ దగ్గరికి రండి. ఆమె తట్ట ఎట్ల అందుకోవాల్నో సుత నేర్పిస్తది.

నా తెర మీద రేపు మళ్ళీ గడి ఖాళీగ వస్తది. నేను మళ్ళీ పేర్లే రాస్త.

జై భీం.